నీ మూట్ మెమోరియల్ గురించి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

మూట్ కోర్టు (నమూనా కోర్టు) పోటీకి నువ్వు రాసిన మెమోరియల్, అదే లిఖిత వాదన, చదివాను. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377వ సెక్షన్ గురించి ‘బ్రిటిష్‌వాళ్లు పెట్టిన చట్టం కాబట్టి 377 చెల్లదు’ అని మొదటి పేజీలోనే తేల్చేశావు. ఐపీసీ అంతా 1860లో వాళ్లు పెట్టిందేగా! ఆ ఒక్క మాటతో బెంచి కదలదు.

పాత చట్టాన్ని కొత్త రాజ్యాంగం ఏం చేసిందో ముందు చూడు. మనకు 13(1) అధికరణం ఉంది. ప్రాథమిక హక్కులకు పాత చట్టం ఎంత మేరకు అడ్డొస్తే అంత మేరకు పోతుంది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు చేసింది అదే. ఇష్టపడిన మేజర్ల వరకు నేరం కాదన్నారు, మిగతా సెక్షన్ ఉంచారు. ట్రినిడాడ్‌కు ఆ వెసులుబాటు లేదు. రాజ్యాంగం వచ్చేనాటికి ఉన్న చట్టాల్ని హక్కుల పేరుతో కొట్టేయకుండా అక్కడ సేవింగ్స్ క్లాజు అడ్డం ఉంది. ఇలాంటి చట్టం మీదే 2018లో అక్కడి హైకోర్టులో గెలిచిన కేసు 2025 మార్చిలో అప్పీలులో పోయింది అందుకే. 1986లో తిరిగి చేసిన చట్టమైనా పాతదానికి కొనసాగింపేనన్నారు. నాకైతే ఆ తర్కం మింగుడుపడలేదు, కానీ అవతలి పక్షం పట్టుకునేది దాన్నే.

కెన్యాలోనూ 2019లో ఇలాంటి పిటిషన్ ఓడింది. నేరం కాదంటే స్వలింగ జంటల కాపురానికి దారి తెరిచినట్టేనని, పెళ్లి గురించిన 45వ అధికరణానికి అది విరుద్ధమని కోర్టు అంది. కాబట్టి నీ ప్రార్థనలో (కోర్టును కోరే ఉపశమనంలో) పెళ్లి ఊసు రానీయకు. సింగపూర్ పార్లమెంటు 2022లో తమ 377ఎ (మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్) రద్దు చేస్తూనే పెళ్లి నిర్వచనానికి రాజ్యాంగంలో రక్షణ పెట్టుకుంది.

ఎంతమంది మీద కేసులు పడ్డాయన్న లెక్కలోకి దిగకు. 150 ఏళ్లలో రెండొందల లోపేనని 2013లో సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టు తీర్పును తిప్పేసింది. గోప్యత ప్రాథమిక హక్కేనన్న 2017 నాటి పుట్టస్వామి తీర్పులో, హక్కుకు తలల లెక్క అక్కర్లేదని తొమ్మిదిమంది జడ్జీల బెంచిలో చెప్పారు. అక్కడ మొదలుపెట్టు.

బెంచి ఇదీ అడగొచ్చు: 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ (భారతీయ న్యాయ సంహిత)లో 377 మొత్తమే లేదు కదా, మేజరైన మగవాడిపై బలవంతం జరిగితే? దానికంటూ సెక్షన్ లేదు. దాడి, గాయం సెక్షన్ల కిందే పెట్టాలి. లోటే, ఒప్పేసుకో.

మన హైకోర్టులో 2024 డిసెంబరు నాటి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) ఉత్తర్వు కూడా చేర్చు. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల కేసు అది. మేజరైన అమ్మాయి ఎవరితో ఉండాలన్నది తన ఇష్టమన్నారు. ఇలాంటి కేసు నిజంగా నీ దగ్గరికొస్తే ముందు అడగాల్సింది పదో తరగతి మెమో. వయసు రుజువైతే సగం పని అయినట్టే. మిస్సింగ్ ఫిర్యాదు ఇస్తే రసీదు కాపీ దాయమని చెప్పు.

రెండో డ్రాఫ్ట్ ఆదివారంలోగా పంపు.

నాన్న