కోటిగాడు మళ్లీ తింటున్నాడు, అందరికీ కృతజ్ఞతలు

మా పిల్లి కోటిగాడి గురించి అడుగుతున్న వాళ్లందరికీ ముందు జవాబు చెప్పేస్తాను: తింటున్నాడు. తనంతట తనే గిన్నె దగ్గరికొచ్చి, మూతి పెట్టి తిని, చివర్లో అంచు కూడా నాకి వెళ్తున్నాడు. కిడ్నీ జబ్బు మాత్రం అలాగే ఉంది. అది నయమయ్యేది కాదని, ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోవడమేనని మాకు ముందే తెలుసు. కానీ పోయిన నెల వాడు పూర్తిగా తిండి మానేసేసరికి, ఇక వాడి పని అయిపోయిందనే అనుకున్నాం. అలా అవ్వకుండా చూసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి అందరూ చూసేలా థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు. పేర్లు పెట్టొద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ పెట్టడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

వాణ్ని ఎరగని వాళ్ల కోసం: కోటిగాడు విజయవాడ పటమటలో మా ఇంట్లో పదమూడేళ్లుగా పెత్తనం చేస్తున్న పిల్లి. కాషాయం రంగు, ఎడమ చెవి కాస్త చిరిగి ఉంటుంది, ఒకప్పుడు బాగా లావు. రెండేళ్ల కిందట బకెట్లో నీళ్లు తెగ తాగుతున్నాడని టెస్టు చేయిస్తే కిడ్నీల సంగతి బయటపడింది. వయసు మళ్లిన పిల్లులకి ఇది చాలా మామూలుగా వచ్చే జబ్బట. కిడ్నీలు దాదాపు నాలుగింట మూడొంతులు పనిచేయడం మానేసేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన మలినం) పెద్దగా పెరగదు. అందుకే మనకి తెలిసేసరికే జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

ఈసారి ముందు గింజల తిండి మానేశాడు, తర్వాత ప్యాకెట్ గ్రేవీ, ఆ తర్వాత వాడికి ప్రాణమైన పెరుగు మీగడ కూడా. ఊళ్లోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, బల్ల మీద పెట్టకుండానే "ముసలి పిల్లి కదండీ, ఇంకెందుకు శ్రమ" అన్నారు. ఫీజు మాత్రం తీసుకున్నారు. ఈ పోస్టులో వాళ్ల వాటా ఇంతే.

అందరికన్నా ముందు చెప్పుకోవాల్సింది న్యూజెర్సీలో ఉన్న మా వదినకి. మా మేనమామ కూతురు. ఇదే జబ్బుతో ఉన్న పిల్లిని ఏళ్ల తరబడి సాకిన మనిషి. అక్కడ అర్ధరాత్రి దాటినా వీడియో కాల్‌లోకి వచ్చి, "గిన్నె పెట్టి ఫోను కెమెరా వాడి మూతి వైపు పెట్టు, నువ్వు మాత్రం మాట్లాడకు" అంది. కోటిగాడు వచ్చాడు. వాసన చూశాడు. పెదాలు నాక్కున్నాడు, ఒక గుటక వేశాడు, మొహం తిప్పుకుని పోయి స్టవ్ గట్టు కింద చల్లటి బండ మీద కూర్చున్నాడు. "చూశావా పిల్లా, వాడికి తినాలనే ఉంది, కడుపులో తిప్పుతోంది. ఆ తిప్పడం ఆగకుండా నువ్వు ఏం పెట్టినా దండగే" అంది.

ఆ ఒక్క మాటతో మా ఇంట్లో పద్ధతంతా మారిపోయింది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ గిన్నె పట్టుకుని వాడి వెనకాల తిరుగుతున్నాం. వదిన చెప్పింది ఏంటంటే, కడుపులో వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా నోట్లో కుక్కిన తిండిని పిల్లి గుర్తుపెట్టుకుంటుందట. తర్వాత ఒళ్లు కుదుటపడినా ఆ తిండి జోలికి రాదట. మందు కలిపిన తిండి సంగతీ అంతే. కాబట్టి కాసేపు పెట్టు, తినకపోతే తీసెయ్, ముందర కూర్చుని బతిమాలకు అంది. ఇంకో మాట కూడా చెప్పింది, అది వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. పిల్లి కుక్కలాంటిది కాదు, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. లావు పిల్లులకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. చెవి లోపలివైపు, చిగుళ్లు పసుపు రంగుకి తిరిగాయేమో చూడమంది. తిరగలేదు. "అయితే ఈ రోజే బయల్దేరు" అంది.

బయల్దేరడం అన్నంత తేలిక కాలేదు. బుట్టలో పిల్లి ఉందని తెలియగానే క్యాబ్‌లు ఒకదాని తర్వాత ఒకటి క్యాన్సిల్. చివరికి మా వీధి చివర స్టాండులో ఉండే ఆటో అన్న, "పిల్లేగా, పులి కాదుగా, ఎక్కండమ్మా" అన్నాడు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పాత చీర పరిచి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టాం. హైవే ఎక్కగానే లారీ హారన్లకి కోటిగాడు అరవడం మొదలుపెడితే, పాటలు ఆపేసి, రెండు పక్కలా పరదాలు దించేశాడు. ఆసుపత్రి దగ్గర మేం బయటికి వచ్చేదాకా ఎండలో ఉన్నాడు, వెయిటింగ్ అడగలేదు. అన్నా, ఆ రోజు నీకు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

వెళ్లింది గన్నవరం, ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి. గేదెలు, మేకలు, కుక్కల మధ్య మా బుట్ట. అక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయి ఒకామె ఉంది. ముందు కోటిగాడితో రెండు నిమిషాలు కబుర్లు చెప్పి, మెడ కింద గోకి, ఆ తర్వాతే చెయ్యి వేసింది. నోరు తెరిచి నన్ను కూడా దగ్గరికి పిలిచి చూపించింది. నాలుక పక్కన బియ్యపు గింజంత పుండు, ఘాటైన వాసన. కిడ్నీలు వడకట్టలేని మలినాలు రక్తంలో పేరుకుంటే నోట్లో ఇలా పుళ్లు వస్తాయని, కడుపులో తిప్పడం కూడా దానివల్లేనని చెప్పింది. నోట్లో అది పెట్టుకుని గట్టి గింజలు నమలమంటే ఎవరు మాత్రం నములుతారు? వాడు తల ఎత్తలేక గడ్డం ఛాతీకి ఆనించి నడుస్తుంటే నీరసం అనుకున్నాం. ఆ అమ్మాయి దాన్ని చూడగానే "పొటాషియం చూడాలి సార్" అని వాళ్ల ప్రొఫెసర్ గారితో అంది. రిపోర్టులో పొటాషియం 2.9కి పడిపోయింది, క్రియాటినిన్ 4.1కి పెరిగింది. పొటాషియం అంత పడిపోతే కండరాలు బలహీనపడి మెడ వాలిపోతుందట.

ప్రొఫెసర్ గారు తక్కువ మాట్లాడే మనిషి. కిడ్నీ డైట్ ప్యాకెట్లు ఇంట్లో ఉన్నాయి, అవి ముట్టట్లేదని చెబితే, "తినని డైట్ ఎంత మంచిదైతే ఏం లాభం? ముందు ఏదో ఒకటి కడుపులోకి వెళ్లనివ్వండి, డైట్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. భాస్వరం తగ్గించాలి, ప్రొటీన్ చూసుకోవాలి అని చదివి చదివి ఉన్న నాకు ఆ మాటతో పెద్ద బరువు దిగింది. వాంతి తగ్గే ఇంజెక్షన్, సెలైన్‌లో పొటాషియం ఇచ్చారు. అవి పట్టు చిక్కించుకునేదాకా తిండి ఆగకూడదని ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. గొట్టం అనగానే మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి వాడికి దానివల్ల హాయే. నోట్లో ఎవరూ వేలు పెట్టరు, వాసన పని లేదు, తిండి మీద విరక్తి ఇంకా పెరగదు. 3.2 కిలోల పిల్లికి రోజుకి దాదాపు 170 కేలరీలు కావాలని లెక్కేసి, మొదటి రోజు అందులో మూడో వంతే ఎక్కించమన్నారు. పస్తున్న ఒంటికి ఒక్కసారిగా నిండా తిండి ఇస్తే రక్తంలో లవణాలు తారుమారై అదే ప్రాణం మీదికి తెస్తుందట. ద్రవ ఆహారాన్ని గోరువెచ్చగా, సిరంజితో, చాలా నిదానంగా ఎక్కించాలి.

ఇంటికొచ్చాక అసలు భారం మోసింది కింద పోర్షన్ అక్క. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. రోజు విడిచి రోజు 100 మి.లీ. సెలైన్ చర్మం కింద ఎక్కించమని గన్నవరంలో చెప్పి, ఎలాగో చూపించారు కూడా. కానీ నా చేతులు వణికాయి. అక్క నైట్ డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా పైకి వచ్చేది. బాటిల్‌ని వేణ్నీళ్ల గిన్నెలో ఉంచి, రెండు చుక్కలు తన మణికట్టు మీద వేసుకుని చూసుకునేది. రెండు భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని కొంగు పట్టి ఎత్తినట్టు ఎత్తి, ఆ మడతలోకి పసుపు రంగు నీడిల్ దించేది. కోటిగాడికి గుచ్చుకున్నట్టే తెలిసేది కాదు. కాసేపటికి ఆ నీరంతా ఒక కాలివైపు జారి, చిన్న సంచిలా వేలాడితే నేను కంగారుపడ్డాను. "అది సాయంత్రానికల్లా ఇంకిపోతుంది, నువ్వు కాఫీ పెట్టు" అంది. ఇప్పుడు నేనే ఎక్కిస్తున్నాను. చెయ్యి వణకట్లేదు. అక్కా, నీ కాఫీ బాకీ ఈ జన్మలో తీరదు.

మెడికల్ షాపు బాబాయ్‌కి రెండు థాంక్స్‌లు. ఒకటి, ఆకలి పుట్టించడానికి డాక్టర్ రాసిన మిర్టాజపిన్ గురించి. అది మనుషులకి డిప్రెషన్‌కి ఇచ్చే బిళ్ల. పిల్లులకి చెవి లోపల రాసే ఆయింట్‌మెంట్‌గా అమెరికాలో 2018లో అనుమతి వచ్చిందని వదిన చెప్పింది కానీ, మాకు ఇక్కడ దొరికింది బిళ్లే. బాబాయ్ చీటీ చూసి, "పిల్లికి ఇదేంటమ్మా?" అని నమ్మలేదు. చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే ఇచ్చాడు. ఆ చిన్న బిళ్లని నాలుగు సమాన ముక్కలు కూడా తనే చేసిచ్చాడు. కిడ్నీలు సరిగ్గా లేని పిల్లి ఒంట్లోంచి ఆ మందు నిదానంగా పోతుంది, అందుకే రోజూ కాకుండా ఎడం ఇచ్చి వేయాలి, మోతాదు డాక్టరే చెప్పాలి. రెండోది అంతకన్నా పెద్దది. షాపులో ఉన్న ఇంకొకాయన "ఒళ్లు వెచ్చగా ఉంటే చిన్నపిల్లల పారాసెటమాల్ సిరప్ రెండు చుక్కలు వెయ్యండి" అని సలహా ఇస్తుంటే, బాబాయ్ కౌంటర్ అవతల నుంచే "పిల్లికి పారాసెటమాల్ విషం, ఆ మాట అనకండి" అని గదమాయించాడు. నిజంగానే విషం. కొంచెం పడినా ప్రాణం తీస్తుంది.

ఇక చేపల మార్కెట్ పిన్ని. మా ఇంట్లో చేప వండం. గొట్టం తీసేసే రోజు దగ్గరపడుతుంటే, వాడికి వాసన తెలియాలి, ఘుమఘుమలాడేది ఏదైనా పెట్టమన్నారు. పిన్ని బొచ్చె చేప తలకాయలు శుభ్రం చేసి, మొప్పలు తీసి, పిల్లికి అని తెలిశాక డబ్బులు వద్దంది. కింద పోర్షన్ అక్క స్టవ్ మీద ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి వడకట్టడం. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తకణాలని దెబ్బతీస్తాయి కాబట్టి ఆ గరిటె కూడా వేరు. మడి కట్టుకునే మా అమ్మ, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఆ నీళ్లు స్టీలు డబ్బాలో పైకి మోసుకొచ్చి, చెయ్యి వెచ్చదనానికి వచ్చేదాకా చల్లార్చి, పళ్లెంలో పోసేది. లోతు గిన్నెలో అయితే మీసాలు తగిలి చిరాకుపడతాడని పళ్లెం అమ్మ ఆలోచనే. మొదటిసారి వాడు నాలుగు గుక్కలు తాగినప్పుడు, పక్కింటివాళ్లకి వినపడేలా "తాగాడే!" అని అరిచింది. ఆ అరుపుకి బెదిరి వాడు మంచం కిందికి దూరాడనుకోండి, అది వేరే సంగతి.

ఆఫీసులో నా షిఫ్టులు మార్చుకున్న ఇద్దరికీ, టెస్టుల డబ్బులు సర్ది "తర్వాత చూద్దాంలే" అన్న తమ్ముడికీ కూడా చాలా థాంక్స్.

ఇప్పుడు వాడి బరువు కాస్త పెరిగింది, మెడ నిలబడింది, నాలుక మీద పుండు మానింది. కిడ్నీ డైట్ కూడా చేప నీళ్లలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేస్తున్నాం, ప్రొఫెసర్ గారు ఇప్పుడు సరే అన్నారు. వచ్చే నెల మళ్లీ గన్నవరం వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. ఆటో అన్నకి ఇప్పటికే చెప్పి పెట్టాను.

గొట్టంలో ఎక్కించే ద్రవ ఆహారం డబ్బాలు విప్పనివి కొన్ని మిగిలాయి. కిడ్నీ డైట్ చికెన్ ప్యాకెట్లు కూడా ఉన్నాయి, కోటిగాడు చేప రుచి తప్ప ముట్టడు. ఎవరి పిల్లికైనా డాక్టర్ ఇవి రాసి ఉంటే మెసేజ్ పెట్టండి, బెంజి సర్కిల్ దాకా నేనే తెచ్చిస్తాను.