ఈ సీజన్‌లో కింది అంతస్తు చివరి రెండు రూములు ఎవరికీ ఇవ్వం

ఏళ్లుగా మా లాడ్జికే వచ్చే మీ అందరికీ,

సీజన్ మొదలయ్యేలోపే ఈ సంగతి మీకు నేరుగా చెప్పాలి. కింది అంతస్తులో చివరన, బయటికి వేరే తలుపున్న రెండు రూములు ఇకపై అద్దెకివ్వం. రద్దీ ఎంత ఉన్నా, ఇక్కడ జబ్బుపడ్డ అతిథుల కోసం వాటిని ఖాళీగానే ఉంచుతాం. మీలో కొందరు ఆ రూములే కావాలని ముందే చెప్పి ఉంచుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు మెట్లెక్కే బాధ ఉండదు కాబట్టి అడుగుతారని నాకు తెలుసు. ‘లాడ్జిని ఆసుపత్రి చేసేస్తున్నాడు’ అని ఊళ్లో ఇప్పటికే మాట పుట్టింది. అది మీ చెవిన ఇంకోలా పడకముందే నేనే చెబుతున్నాను.

పోయిన సీజన్‌లో జనం కిటకిటలాడుతున్న వారంలోనే ఊళ్లో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా దగ్గర దిగినవాళ్లలోనూ కొందరికి వచ్చాయి. ఎవరికీ ప్రాణం మీదకు రాలేదు. అయితే మా ఊరి బలం ఎంతో ఆ వారంలో తేలిపోయింది. ఇక్కడి ఆసుపత్రిలో మంచాలు ఏడాదంతా ఇక్కడుండే జనానికి సరిపడా వేసినవి. సీజన్‌లో జనం దానికి ఎన్నో రెట్లు. పెద్దాసుపత్రికి పోయే రోడ్డు ఒక్కటే, సీజన్‌లో అదీ జామ్. ఉన్న ఒక్క అంబులెన్స్ ఒకరిని తీసుకెళ్తే, అది తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు ఎదురుచూడాల్సిందే.

సీజన్ అయిపోయాక ఆసుపత్రివాళ్లు, లాడ్జిలవాళ్లు, బళ్లవాళ్లు, నీళ్ల సరఫరా చూసేవాళ్లు అందరం కూర్చుని ఒక ప్లాన్ రాసుకున్నాం. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, మందులు ఎక్కడ నిల్వ ఉంచాలి, కరెంటు పోతే ఏం చేయాలి లాంటివన్నీ అందులో ఉన్నాయి. వాటితో మిమ్మల్ని విసిగించను. ఆ సమావేశం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆసుపత్రిలో చేర్చేంత జబ్బు కాదు, కానీ పదిమందిలో తిరగకూడదు. అలాంటి అతిథి ఎక్కడ ఉండాలి? ఎవరూ నోరు మెదపలేదు. ఎందుకంటే మాలాంటి ఊళ్లలో జరిగేది అందరికీ తెలుసు. సాయంత్రంలోగా రూము ఖాళీ చేయించి బస్సెక్కిస్తారు. నీరసంతో ఉన్న మనిషిని గంటల తరబడి ప్రయాణం చేయిస్తే అతనికీ ప్రమాదమే, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకూ ప్రమాదమే.

ఆస్ట్రియాలో ఇష్గల్ అనే ఊరుంది. మంచు మీద స్కీయింగ్ కోసం జనం వెళ్లే ఊరు. అక్కడ కాపురముండేది దాదాపు 1,600 మంది. 2020 మార్చిలో అక్కడ కరోనా లోలోపల పాకిపోయింది. అక్కడి నుంచి వచ్చినవాళ్లలో జబ్బు చూసి ఐస్‌లాండ్ మార్చి 5నే ఆ ఊరిని ప్రమాదకర ప్రాంతాల్లో చేర్చింది. మార్చి 13న ఆ ఊరున్న లోయను మూసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించగానే వేలమంది అతిథులు సామాను సర్దుకుని ఒక్కసారిగా బయల్దేరారు. వాళ్లతోపాటే జబ్బు కూడా ఎన్నో దేశాలకు వెళ్లింది. ఆ ఊరి గురించి చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. సీజన్ మీద బతికే ఊరికి తలుపులు తీయడం బాగా తెలుసు. జబ్బుపడ్డ మనిషిని నాలుగు రోజులు ఉండమనడం కూడా తెలియాలి కదా.

అందుకని అలా జబ్బుపడ్డవాళ్ల కోసం ఆ రెండు రూములు ఇస్తానని ఆ సమావేశంలో చెప్పాను. చెప్పేముందు ఎంత టెన్షన్ పడ్డానో మా ఇంట్లోవాళ్లకే తెలుసు. మాకు సీజన్ సంపాదనే ఏడాదంతటికీ ఆధారం. పనివాళ్ల జీతాలు, మరమ్మతులు, పిల్లల చదువులు అన్నీ అందులోంచే. ఎవరికైనా జబ్బు చేస్తే అప్పుడు ఖాళీ చేయిద్దాం, అప్పటిదాకా అద్దెకిద్దాం అని మా అబ్బాయి గట్టిగా వాదించాడు. అప్పుడంటే ఎప్పుడు? ఊరంతా నిండిన రాత్రి, నిద్రపోతున్న కుటుంబాన్ని లేపి ఎక్కడికి పంపను? కనీసం ఒక్కటి సరిపోదా అన్నాడు. సరిపోదు. విరేచనాలతో ఉన్నవాళ్లనూ, జ్వరం, దగ్గుతో ఉన్నవాళ్లనూ ఒకే గదిలో, ఒకే మరుగుదొడ్డితో ఉంచలేం. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటించినవాళ్లమవుతాం. చాలా రాత్రులు లెక్కలు వేశాను, ఏ లెక్కా కుదరలేదు. చివరికి లెక్క పక్కనపెట్టి నిర్ణయం తీసుకున్నాను. ఇందులో మార్పు లేదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. మా నీళ్ల ట్యాంకులోకి వేసే బ్లీచింగ్ పౌడర్ చాలా ఏళ్లుగా ఒకాయన దగ్గరే తెప్పిస్తున్నాం. పేరు రాయను. తాజా పౌడర్‌లో క్రిములను చంపే క్లోరిన్ దాదాపు మూడో వంతు ఉంటుంది. ఎండ, తేమ, వేడి తగిలి నిల్వ ఉన్నకొద్దీ అది తగ్గిపోతుంది. చూడ్డానికి పొడి మాత్రం అలాగే తెల్లగా ఉంటుంది. ప్లాన్ ప్రకారం పౌడర్ వేసి, అరగంట ఆగి, నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలిందో చూడాలి. లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరిన్ పరీక్ష చేసే కిట్‌లోని మందు చుక్కలు వేస్తే నీళ్లకు పసుపు రంగు రావాలి. ఈసారి వచ్చిన బస్తాల్లోంచి ఎప్పటి కొలత ప్రకారమే వేస్తే రంగే రాలేదు. కొలత పెంచినా వచ్చీరానట్టు వచ్చింది. బస్తాల మీద తయారీ తేదీ చెరిగిపోయి ఉంది.

ఆయనకు ఫోన్ చేశాను. ‘ఇన్నేళ్లూ ఇదే సరుకు, ఎవరూ రంగులు చూడలేదు, మీకొక్కరికే ఎందుకు?’ అన్నాడు. మార్చి పంపమంటే పంపలేదు. పైగా బాకీ ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతున్నానని నలుగురిలో అన్నాడట. పాత బాకీ ప్రతి రూపాయీ ఆ రోజే తీర్చాను, బస్తాలు వెనక్కి పంపాను. మా నీళ్ల మీద ఇంతవరకు ఒక్క మాట పడలేదు, ఇకముందూ పడనివ్వను. ఇప్పుడు వేరేచోట నుంచి చిన్న ప్యాకింగ్‌లో, తేదీ స్పష్టంగా ఉన్నది తెస్తున్నాం. ఖర్చు ఎక్కువే, అయినా అదే తెస్తాం.

దీనికింత పట్టుదల దేనికని మీకు అనిపించవచ్చు. 2000 మేలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్నంలో భారీ వర్షాల తర్వాత పశువుల పేడలోని క్రిములు బావిలోకి చేరాయి. క్లోరిన్ చాలినంత వేయలేదు. రికార్డుల్లో మాత్రం కొలతలు సరిగ్గా ఉన్నట్టు రాశారు. సుమారు 5 వేల మంది ఉన్న ఊరు. రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, 7 మంది చనిపోయారు. అందుకే మా క్లోరిన్ పుస్తకం రిసెప్షన్ బల్ల మీదే ఉంటుంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు. అనుమానముంటే కిట్ అడగండి, మీ రూములోని కుళాయి నీళ్లే పరీక్ష చేసి చూపిస్తాం.

ఖాళీ రూముల కుళాయిలు, షవర్లు కూడా వారం వారం తిప్పి నీళ్లు వదులుతాం. నిలవ ఉన్న గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సభకు వచ్చినవాళ్లలో కొందరు దానివల్లే చనిపోయారు.

పనివాళ్ల సంగతి. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటల దాకా ఎవరూ వంటగదిలోకి, రూముల్లోకి రారు. ఆ రోజులకు జీతం కోయం. కోస్తే జబ్బు దాచుకుని పనిలోకి వస్తారు, అది మనకే చేటు. చేతులకు సబ్బూ నీళ్లే వాడమంటున్నాం. ఇలాంటి వాంతులకు ఎక్కువగా కారణమయ్యే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ప్రతి అంతస్తులో ఉంటాయి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం పొడి లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం సగం వేసుకోకూడదు.

మీరు రోజూ వాడే మందులు నాలుగైదు రోజులకు అదనంగా తెచ్చుకోండి, రోడ్డు మూసుకుపోతే ఇక్కడ అన్నీ దొరకవు. బయల్దేరేముందు జ్వరమో విరేచనాలో ఉంటే రావద్దు, ఫోన్ చేయండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం. ఇక్కడికొచ్చాక ఒంట్లో బాగోకపోతే మాత్రం దాచకండి. జబ్బు చేసిందని చెప్పినందుకు మా లాడ్జిలో ఎవరినీ ఖాళీ చేయించం. డాక్టర్ చూసి, ఇక్కడే ఉండొచ్చని చెబితే ఆ రెండు రూముల్లో ఉంటారు, దానికి అద్దె తీసుకోం.

ఆ రెండు రూములు ఇప్పటికే అడిగి ఉంచినవాళ్లకు ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తున్నాను. కింది అంతస్తులో మిగతా రూములు ముందు మీకే. వద్దంటే డబ్బు పూర్తిగా పంపిస్తాను. ఆ రెండూ ఇవ్వమని మాత్రం అడగకండి, ఎంత కావలసినవాళ్లడిగినా ఇవ్వను.