పార్సిళ్ళు ఎందుకు తగ్గిస్తున్నామంటే

మా అప్పడాలు, పచ్చళ్ళు తీసుకునే అందరికీ నమస్కారం. బరంపురం కౌంటర్‌కి వచ్చేవాళ్ళు, ఇచ్ఛాపురం సోంపేట నుంచి పెళ్ళి ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు, సూరత్‌లో ఉండి పార్సిల్ తెప్పించుకునేవాళ్ళు, అందరూ ఒక్క అయిదు నిమిషాలు చదవండి.

పోయిన నెల ఒక బుధవారం మేడ మీద నుంచి ఎండిన అప్పడాలు దించాం, 40 కిలోలు. తూకం వేసాక ఆర్డర్ల పుస్తకం తెరిస్తే అదే సరుకు మూడు చేతిరాతల్లో ఉంది. వదిన రాత, సోంపేట పెళ్ళికి 25. తమ్ముడి రాత, కౌంటర్‌కి 15. కింద నా రాత, సూరత్ పార్సిళ్ళకి 20. ఎవరూ తప్పు రాయలేదండి, పెళ్ళివాళ్ళకి మాటిచ్చాం కదా అని వదిన, గాజు డబ్బాలు ఖాళీగా ఉంటే షాపు మెట్టెవరెక్కుతారని తమ్ముడు, సూరత్ వాళ్ళు డబ్బులు ముందే వేసేసారని నేను. చివరికి పెళ్ళికి 15 కిలోలే వెళ్ళాయి, మిగతా 10 కిలోలు ఆ పెళ్ళివారి పెద్దాయన రాత్రికి రాత్రి బయట ఎక్కడో కొనుక్కోవాల్సొచ్చింది. ఆయనకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను, ఇక్కడ కూడా అడుగుతున్నాను.

మొదట పుస్తకం సరిగ్గా లేదనుకున్నా, కొత్త రిజిస్టర్ కొన్నా. కానీ కొన్నాక వెనక పేజీలు తిప్పి చూస్తే ఆ నెల్లోనే ఇదే గొడవ మూడోసారి. ఒకసారి జరిగితే పొరపాటు, సరిదిద్దుకుంటే పోద్ది. ముగ్గురు మంచి మనుషులు ఒకే సరుకుని ముగ్గురికి మాటిచ్చేస్తున్నారంటే మాత్రం ఈ షాపు ముందు ఎవరి కోసం అన్నది ఎవరికీ తెలీదనే కదా.

ఆ మాట మేం చివరిసారి తేల్చుకున్నది 2021లో. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కౌంటర్ మూతపడింది, సూరత్ మగ్గాల మీద పనిచేసే మన గంజాం జిల్లా వాళ్ళంతా ఇళ్ళకొచ్చేసారు, మళ్ళీ వెళ్ళాక ఇంటి అప్పడం కావాలని వాళ్ళే అడిగారు, అందుకని "పార్సిల్ ముందు, మిగతావి తర్వాత" అనుకున్నాం. అప్పటికి అది కరెక్టే, ఆ పార్సిళ్ళే మా పొయ్యి వెలిగించాయి. కానీ అప్పుడు అనుకున్నది ముగ్గురం, ఇప్పుడు పనిచేస్తున్నది ఏడుగురం, నలుగురికి ఆ సంగతే తెలీదు, పైగా పెళ్ళిళ్ళూ కౌంటరూ మునుపటిలా అయ్యి ఏళ్ళయింది. కారణం పోయినా మేం అదే పట్టుకుని కూర్చున్నాం.

ఇలా ముందూ జరిగింది. 2013లో ఫైలిన్ తుఫానుకి ఆరబెట్టే షెడ్డు ఎగిరిపోతే అదే చోట అలాగే కట్టాం, 2018లో తిత్లీ తుఫానుకి మళ్ళీ పోయింది. బాగుచేసుకోవడం వేరు, ఇంకోలా చెయ్యాలేమో అని కూర్చుని ఆలోచించడం వేరు, ఆ తేడా రెండు రేకుల షెడ్లు పోతేగానీ నాకు అర్థం కాలేదు.

రెండేళ్ళకోసారి బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి జాతర అయ్యాక ఇంట్లో అందరం కూర్చోవడం మా అలవాటు. 2025 జాతరకీ కూర్చున్నాం, రేట్లు మార్చి, సీసా లేబుల్ మార్చి లేచిపోయాం. అసలు విషయం ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సింది నేనే.

అలాగని ప్రతిదానికీ అన్నీ మార్చేయకూడదు కూడా. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, వానలకి అప్పడం ఎండదు, అది ఏటా ఉన్నదే. 2024 సెప్టెంబర్‌లో బయట దేశాల వంటనూనెల మీద సుంకం పెంచి నూనె రేట్లెక్కినప్పుడు తమ్ముడు పచ్చళ్ళు మానేద్దామన్నాడు. అది రేటు సంగతి, రేటు సవరించుకున్నాం, అంతే.

ఇక ఈసారి ఏడుగురం కూర్చుని అనుకున్నది. పెళ్ళి ఆర్డర్లు ముందు, కాకపోతే 20 రోజుల ముందు చెప్పాలి. కౌంటర్‌కి రోజూ 10 కిలోలు పక్కన పెడతాం, దాన్ని నేనైనా ముట్టుకోకూడదు. మిగిలిందే పార్సిల్, అదీ సోమవారం మాత్రమే, ఒక అడ్రస్‌కి కనీసం 5 కిలోలు. సూరత్ తమ్ముళ్ళూ, ఇది మీకు కష్టమేనని తెలుసు, కష్టకాలంలో నిలబెట్టింది మీరే, అందుకే ఈ మాట రాయడానికి వారం పట్టింది నాకు. మెస్ రూమ్‌లో వాళ్ళంతా కలిపి ఒకే ఆర్డర్ పెట్టండి, మీకు ఖర్చూ తగ్గుద్ది.

మళ్ళీ 2027 జాతర దాకా ఆగం. కొత్త రిజిస్టర్ మొదటి పేజీలో రాసిపెట్టాం: ఒకే సరుకు నెలలో రెండుసార్లు ఇద్దరికి రాసేసినా, పిండి కలిపే పెద్దమ్మ ఇక నావల్ల కాదన్నా, ఆ ఆదివారం షాపు మూసి అందరం కూర్చోవాలి. పెద్దమ్మ మినప్పిండి ముద్ద వేళ్ళతో సాగదీసి చూసి ఇంకొంచెం దంచండి అంటుంది, ఆ చెయ్యి లేకపోతే ఇది వేరే షాపు. ఆవిడ దగ్గర నేర్చుకోడానికి ఇవాళ్టి నుంచి ఇద్దరు అమ్మాయిల్ని కూర్చోబెట్టాం.

పాత పార్సిల్ ఆర్డర్లు 11 ఉన్నాయి. అవి పాత పద్ధతిలోనే, ఎంత అడిగితే అంత, ఈ సోమవారం ఆరు, వచ్చే సోమవారం అయిదు పంపేస్తాం.