గంట ఉంది, మోకు లేదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పల్నాడు జిల్లాలోని మా విచారణ (పారిష్) కతోలిక దేవాలయంలో కంచు గంట మోగడం మానేసి ఈ క్రీస్తు జయంతికి పదకొండేళ్లు నిండుతాయి. గంటను ఊపే మోకు, అంటే లావు తాడు, తెగినప్పుడు కొత్తది కట్టించడానికి బదులు గోపురానికి నాలుగు వైపులా మైకులు బిగించి, రికార్డు చేసిన గంట శబ్దాన్ని టైమరుతో వినిపించే పద్ధతి మొదలుపెట్టారు. ఆ శబ్దం ఏ ఊరి గంటదో మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు గోపురం మరమ్మతులకు చందాలు వసూలవుతున్నాయి. ఆ పనిలోనే పాత గంటను కిందికి దించి, ఆవరణలో దిమ్మె కట్టి దాని మీద నిలబెడదామనే ఆలోచన వినవస్తోంది. అలా చేయకుండా గంటను మళ్లీ చేత్తో మోగించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మైకు గంటలు మా ఊరికే పరిమితమైనవి కావు కాబట్టి ఈ మాట మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మిల్‌హిల్ అనే కతోలిక మిషనరీ సంస్థ గురువులు గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో దేవాలయాలు కట్టించిన రోజుల్లో, చేతి గడియారం ఎరుగని రైతుకూలీలకు వేళ తెలిపింది గంటే. నా చిన్నతనం దాకా ఆ అలవాటు చెక్కుచెదరలేదు. ఆదివారం పూజకు మూడు గంటలు కొట్టేవారు. మొదటి గంటకు నిద్ర లేచి, రెండో గంటకు ఇల్లు కదిలి, మూడో గంటకు గుడిలో మోకరించి ఉండాలి. రోజుకు మూడుసార్లు మరియమాతను తలచి చేసే త్రికాల జపానికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడేసి దెబ్బలు మూడు విడతలుగా, విడతకూ విడతకూ మధ్య మరియమాతకు చేసే చిన్న ప్రార్థన అయిన మంగళవార్త జపం ఒకటి చెప్పుకునేంత వ్యవధితో పడేవి. ఆ తర్వాత తొమ్మిది దెబ్బలు వరసగా మోగేవి. మిరపచేలో కాయ కోస్తున్న మావాళ్లు మధ్యాహ్నపు గంట వినగానే సంచి దించి సిలువ గుర్తు వేసుకునేవారు. పక్క సాలులో ఉన్న ఇతర మతస్థులు అన్నం మూట విప్పేవారు. ఎవరైనా కన్నుమూస్తే ఒక దెబ్బ, దాని మోత పూర్తిగా అణగిపోయాక మరొక దెబ్బ. అది వినగానే మా అమ్మ పొయ్యి దగ్గర చేయి ఆపి, ఊళ్లో మంచాన పడినవాళ్లు ఎవరెవరా అని ఒక్కొక్కరినే తలచుకునేది.

టైమరుకు ఈ తేడాలేవీ తెలియవు. పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం పాడే వేళ మోగిన గంట, ఈస్టరు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో మళ్లీ ఆ గీతం పాడేవరకు మోగకూడదన్నది తిరుసభ (కతోలిక సంఘం) ఆచారం. ఆ రెండు రోజులూ కొయ్య చెక్కలతో చప్పుడు చేసి జనాన్ని పిలిచేవారు. మూడేళ్ల కిందట టైమరు ఆపడం మరిచిపోయినందువల్ల, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మధ్యాహ్నం మేము క్రీస్తు శ్రమలను తలచుకునే సిలువ మార్గం ప్రార్థన చేస్తుండగా నెత్తిమీద పండుగ గంటలు మోగాయి. ఎవరూ ఏమీ అనలేదు, తలలు దించుకున్నాం. గుళ్లలో హారతి వేళ మోటారుతో వాయించే డోలు, గంటల యంత్రాన్ని చూసిన హిందూ మిత్రులకు ఈ బాధను విడమరచి చెప్పనక్కర్లేదు.

గంటను పైన ఉంచితే చాలదు, కొట్టడం తెలిసి కొట్టాలి. మాది, తనను వేలాడదీసిన దూలంతో పాటు ఊగే గంట. అలా ఊగినప్పుడు లోపల వేలాడే నాలుక తనంతట తానే అంచును తాకి వెంటనే వెనక్కి వస్తుంది. శ్రమ తగ్గుతుందని నాలుకకే తాడు కట్టి లాగితే అది అంచుకు అదుముకుని నిలిచిపోవచ్చు. రాగి, తగరం కలిసిన ఆ కంచు గట్టిదే గాని పెళుసుది, కాబట్టి అటువంటి మోటు దెబ్బలకు బీట వారే ప్రమాదం ఉంది. బయటి నుంచి ఇనుప సుత్తితో కొట్టినా అంతే. ఏళ్ల తరబడి నాలుక తగిలిన చోట అంచు అరిగిపోయి ఉంటే, గంటను కొంత తిప్పి బిగిస్తే దెబ్బ కొత్త చోట పడుతుంది. కాబట్టి మోకు కట్టకముందే దూలాన్ని, ఇరుసులను, అంచును తెలిసినవారితో పరీక్ష చేయించాలి.

శబ్దం వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనే అభ్యంతరం ఉంది. దాన్ని నేను తోసిపుచ్చను. అయితే మా వీధిలో విసుక్కునేవారి విసుగంతా మైకు మీదనే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదంటున్నాయి. చేతి గంటకూ ఆ వేళలనే మర్యాదగా పాటించి, ఒకప్పుడు తెల్లవారుజామున 5 గంటలకు కొట్టే మొదటి గంటను 6 దాటాక కొట్టుకుంటే సరిపోతుంది.

రోజూ ఎవరు వచ్చి కొడతారన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సుమారు 1,400 మంది గంట వాయిద్యకారుల స్మృతిగా, బ్రిటన్‌లో 2018 నాటికి అంతమంది కొత్తవారిని చేర్చుకునే ప్రయత్నం చేశారు. స్పెయిన్‌లో చేతితో గంటలు మోగించే విద్యను యునెస్కో 2022లో వారసత్వ జాబితాలో చేర్చింది. మాకు అంతమంది అక్కర్లేదు. యువజన సంఘం నుంచి ఎనిమిది మంది చాలు, వంతులవారీగా ఇద్దరేసి. మా కాలంలో ఆడపిల్లలను మోకు ముట్టుకోనిచ్చేవారు కారు. ఆ ఒక్క ఆచారాన్ని మాత్రం పునరుద్ధరించవద్దని మనవి.

ఆ గంట కొట్టినవారిలో ఇక మిగిలింది ఎనభై దాటిన మా పాత ఉపదేశి (మత బోధకుడు) గారు ఒక్కరే. అరచేతికి తువ్వాలు చుట్టుకుని, మోకును ఒక్కసారిగా గుంజకుండా రెండు మూడు లాగుళ్లలో గంటను ఊపుకు తెచ్చి, ఆ తర్వాత చేతిని దాదాపు వదులుగా ఉంచేవారు. ఇప్పుడాయన గోపురం మెట్లు ఎక్కలేరు గాని, కింద అరుగు మీద కూర్చుని వింటూ పిల్లల తప్పులు దిద్దగలరు. మొన్న అడిగితే “ముందు మోకు తెప్పించండి” అన్నారు.

కాబట్టి గంటను దించే నిర్ణయం తీసుకోకముందే, మోకుకు, దూలానికి, ఇరుసులకు అయ్యే ఖర్చును మరమ్మతుల అంచనాలో విడిగా చూపించి, ఒక ఆదివారం పూజ తర్వాత విచారణ సభ్యులందరి ముందు పెట్టాలని పెద్దలను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విచారణ సభ్యుడు,
పల్నాడు జిల్లా