ముగింపు సమయం హాల్‌టికెట్ మీదే వేయండి

సంపాదకులకు,

పరీక్ష రాసే దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాల పరిహార సమయం, అంటే అదనపు సమయం, ఇవ్వాలని కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29నే మార్గదర్శకాల్లో చెప్పింది. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) పరీక్షల్లో మూడు గంటల పేపరుకు గంట కలుస్తుంది, నాలుగు గంటల పేపరుకు గంటా ఇరవై నిమిషాలు. చిన్న లెక్కే, కానీ ఇన్విజిలేటర్ దాకా చేరదు. రెండింటికి మొదలైన పేపరును అయిదింటికే అడుగుతారు. అభ్యర్థి అనుమతి పత్రం తీసి చూపిస్తే ఫోన్లు మొదలవుతాయి. ఆ పావుగంటను తిరిగి కలిపేవారుండరు. స్క్రైబ్‌కు, అంటే చెప్పింది రాసిపెట్టే సహాయకుడికి, అర్హత ఉండి సొంతంగా రాసుకునేవారికీ ఈ సమయం ఇవ్వాల్సిందే. చాలా కేంద్రాల్లో ఈ సంగతే తెలియదు.

కాగితాల దగ్గర తడబాటు ఎక్కువ. చూపు లేనివారికి, రెండు చేతులూ పనిచేయనివారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి అడిగితే స్క్రైబ్‌ను ఇవ్వాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న మిగతావారికి వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు; రాయడానికి శారీరక ఇబ్బంది ఉందని సివిల్ సర్జన్ లేదా ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ నిర్ణీత నమూనాలో విడిగా రాసివ్వాలి. 40 శాతం లోపు వారికి 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో దారి తెరుచుకుంది, 2022 ఆగస్టు 10న మార్గదర్శకాలు వచ్చాయి. అయితే వాటి ప్రకారం ఈ 40 శాతం లోపు వారు తెచ్చే వైద్య సర్టిఫికెట్ గరిష్ఠంగా ఆరు నెలలే చెల్లుతుంది. దరఖాస్తుకు ముందే తొందరపడి తీసుకుంటే పరీక్ష నాటికి గడువు దాటిపోవచ్చు. చివరి పేపరు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

2018 మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి తానే తెచ్చుకునే సొంత స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు కిందే ఉండాలి. డెబిట్, క్రెడిట్ గడులే తెలియని వ్యక్తికి బ్యాలెన్స్ షీట్ చెప్పి రాయించడమంటే మాటలా! ‘లక్షా అయిదు వేలు’ అంటే 1,50,000 పడిపోతుంది. ముందు గడి పేరు, తర్వాత ‘ఒకటి, సున్నా, అయిదు, మూడు సున్నాలు’ అని అంకెలు విడివిడిగా చెప్పి, తిరిగి చదివించుకోవాలి. పరిహార సమయంలో చాలా భాగం దీనికే పోతుంది. పరీక్ష బోర్డు ఇచ్చే స్క్రైబ్ అయితే రెండు రోజుల ముందే కలిసే వీలుంటుంది, ఆ కొద్దిసేపు ఇదే సాధన చేయించాలి.

కంప్యూటర్ పరీక్షలో గడియారం మామూలు వేళకే ఆగితే జవాబులు వాటంతటవే సబ్మిట్ అయిపోతాయి, అప్పుడు ఇన్విజిలేటర్ చేతిలోనూ ఏమీ ఉండదు. ముందురోజు కంప్యూటర్ చూసుకునే అవకాశం మార్గదర్శకాల్లోనే ఉంది. తెరమీది సమయంలో అదనపు నిమిషాలు కలిశాయా, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పట్టికలను వరుస తప్పకుండా చదువుతోందా అని అప్పుడే చూసుకోవాలి. పరీక్ష కేంద్రం ఊరి బయట ఇబ్రహీంపట్నం, మైసమ్మగూడ వైపు కాలేజీలో పడితే ఒకరోజు ముందు వెళ్లి రావడమే ఒక ప్రయాణం. నగరం లోపల కింది అంతస్తు గదులున్న కేంద్రం ఒక్కటి కేటాయించలేరా?

అన్నిటికన్నా ముందు, ఖర్చులేని పని ఒకటుంది. ‘ముగింపు: సాయంత్రం 6.00, స్క్రైబ్: ఉన్నారు’ అని హాల్‌టికెట్ మీద, కేంద్రానికి పంపే హాజరు పట్టీలో అభ్యర్థి పేరు పక్కన అచ్చు వేయాలి.

ఇట్లు,
స్క్రైబ్‌లుగా వెళ్లే కొందరం,
హైదరాబాద్