పిల్లాణ్ని అడవికి పంపి, ఇంటిని అలాగే ఉంచితే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

దారి తప్పుతున్న టీనేజీ పిల్లల్ని కొన్ని వారాలు అడవుల్లో ఉంచి చేసే వైల్డర్‌నెస్ థెరపీ గురించి ఎప్పుడు మాట వచ్చినా, అది మంచిదా ప్రమాదమా అన్న దగ్గరే ఆగిపోతోంది. పిల్లల కౌన్సెలింగ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి నేను అడిగేది వేరు. అక్కడ పిల్లాడు మారుతున్నప్పుడు ఇంట్లో అమ్మానాన్న ఏం చేస్తున్నారు?

అమెరికాలో, ముఖ్యంగా యూటాలో పెరిగిన ఈ పద్ధతిలో థెరపిస్టు క్యాంపుకి వచ్చేది సాధారణంగా వారానికి ఒకటి రెండు రోజులే, మిగతా రోజులన్నీ పిల్లలతో ఉండేది ఫీల్డ్ గైడ్లు. అసలు సంగతులు వాళ్ల కళ్లకే కనపడతాయి. కర్రతో కర్ర రాపాడించి నిప్పు పుట్టించమంటే, ఎంతసేపటికీ పొగ తప్ప మంట రాక, ఒక కుర్రాడు ఆ కర్ర విసిరేసి ఎవరితోనూ పలక్కుండా ముసుగు తన్ని పడుకుంటాడనుకోండి. గైడ్ థెరపిస్టుకి చెప్పి, థెరపిస్టు ఫోన్‌లో తల్లికి చెబితే, "లెక్క రాకపోయినా వీడు ఇంతేనండీ, వాళ్ల నాన్నే చేసిపెట్టేస్తారు" అంటుంది. పని మొదలుపెట్టాల్సింది అక్కడే. ఆ మాట బయటికి రాకపోతే కుర్రాడు నిప్పు పుట్టించడం నేర్చుకుని ఇంటికొస్తాడు, నాన్న మళ్లీ లెక్క చేసిపెడతారు.

కానీ పిల్లలు "ఇంటికి తీసుకెళ్లండి" అని ఉత్తరం రాస్తే అది నాటకం, పట్టించుకోవద్దని తల్లిదండ్రులకు ముందే నూరిపోసే చోట్లు కూడా ఉన్నాయి. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. ఇలాంటి క్యాంపుల్లో జరిగిన మరణాల మీద 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ అక్కడి చట్టసభకి ఇచ్చిన నివేదికలో, ఒంట్లో బాగోలేదన్న పిల్లల్ని నటిస్తున్నారని వదిలేసిన ఉదంతాలున్నాయి. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో పన్నెండేళ్ల బాబు చేరిన మర్నాడే చనిపోయాడు, ఆ క్యాంపు లైసెన్సు అదే ఏడాది రద్దయింది.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. బిడ్డతో ఎవరూ పక్కన లేకుండా మాట్లాడనివ్వని చోటికి పంపకండి. థెరపిస్టు మీ ఇంటి తీరు గురించి, మీ కోపాల గురించి అడిగితే నొచ్చుకోకండి, దాచకండి. మా వృత్తివాళ్లు కూడా తల్లిదండ్రుల్ని ఫీజు కట్టేవాళ్లుగా చూడడం మానాలి. బిడ్డ తిరిగొచ్చాక కనీసం కొన్ని నెలలు కుటుంబం మొత్తానికీ కౌన్సెలింగ్ ఎవరు చేస్తారో, చేర్చేరోజే కాగితం మీద రాయించుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు