సర్కారు ఆఫీసుల్లోనూ చెత్త వేరు చేయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బెంగళూరులో ఇంటి చెత్తను తడి, పొడి అని విడదీసి ఇవ్వడం 2012 అక్టోబరు నుంచి తప్పనిసరి. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, డైపర్లు, శానిటరీ ప్యాడ్ల లాంటి వాటికి ఎర్ర బుట్ట, పొడి చెత్తకు ఒక సంచి. మా వీధిలో ఇప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. కలిపి ఇస్తే చెత్త ఆటో అతను తీసుకోడు. 2025 అక్టోబరు చివర్లో అయితే రోడ్డు పక్కన చెత్త పారేసినవాళ్ల గుమ్మం ముందే నగర సిబ్బంది చెత్త తెచ్చి కుమ్మరించారు, జరిమానా కూడా వేశారు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. ఈ నగరం చెత్త తెచ్చి పోస్తే శివారులోని మావళ్లిపుర, మండూరు ఊళ్లవాళ్లు ఎంత అవస్థ పడ్డారో, చివరికి ఎలా ఎదురుతిరిగారో చూసినవాళ్లం. నా బాధల్లా ఒకటే. ఇళ్లకు ఇంత కచ్చితంగా పెట్టిన నియమం ప్రభుత్వ కార్యాలయాల్లో, సర్కారు ఆసుపత్రుల్లో, బస్టాండుల్లో గడప దాటి లోపలికి పోవడం లేదు.

నియమం లేక కాదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే చోట్లను పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవారి కింద లెక్కగట్టారు. ఆ జాబితాలో హోటళ్లు, అపార్ట్‌మెంట్ల కన్నా ముందు కనిపించేవి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖల భవనాలే. 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు చెత్తను పుట్టినచోటే వేరు చేయాలని, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని కూడా అందులో రాశారు. పెద్ద అపార్ట్‌మెంట్లవాళ్లు లక్షలు పోసి కంపోస్టు తొట్లు పెట్టుకున్నారు. వాటిని తనిఖీ చేసే ఆఫీసు వెనక ఒక తొట్టి ఉందా?

ఈ మధ్య ఒక పని మీద ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. మెట్ల దగ్గర రెండు బుట్టలు కుదురుగా పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద 'హసి కస' (తడి చెత్త), ఇంకోదాని మీద 'ఒణ కస' (పొడి చెత్త) అని కన్నడలో రాసి ఉంది. జనం కూడా చాలావరకు చూసే వేస్తున్నారు. కాసేపటికి ఊడ్చే ఆమె వచ్చి రెండు బుట్టలూ ఎత్తి ఒకే నల్ల కవరులో గుమ్మరించింది. ఏమమ్మా, ఇలా కలిపేశావే అని అడిగాను. ఆమె తెలుగులోనే చెప్పింది: "నాకిచ్చింది ఒక్క కవరే కదమ్మా. కింద పోసే తొట్టి గూడా ఒగటే. యాడ యేరుగా పెట్టేది?" ఆ కవరులో ఏముందో నా కళ్లతో చూశాను. దరఖాస్తుదారుల దగ్గర అదనంగా తీసుకుని పారేసిన జెరాక్సు కాగితాలు, ఒక పక్కే అచ్చైన తెల్లటి ఏ4 కాగితాలు. వాటి మీద అడుగున టీ మిగిలిన కప్పులు, సగం తిన్న పెరుగన్నం పొట్లం. పొడిగా ఉండి ఉంటే ఆ కాగితాన్ని పాత సామాను కొనే గుజరీవాళ్లు కిలో లెక్కన కొనుక్కుపోయేవాళ్లు. టీ, పెరుగు అంటిన కాగితాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇక ఆ టీ కప్పులు పేరుకే కాగితం. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి మామూలు కాగితంతో కలిపి మిల్లుకు పంపడానికి పనికిరావు. క్యాంటీన్లో స్టీలు గ్లాసులు పెడితే ఆ బెడదే ఉండదు.

ఆమెను నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. తప్పు ఆమెది కాదు, ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టుది. ఎంతమంది మనుషులు కావాలి, రోజుకు ఎన్నిసార్లు తుడవాలి, ఫినాయిల్ ఎంత వాడాలి అని సాధారణంగా ఇలాంటి టెండర్లలో రాస్తారు. నేల శుభ్రంగా కనిపిస్తే బిల్లు పాసవుతుంది. చెత్త విడివిడిగా బయటికి వచ్చిందా అని అడిగేవారు లేరు. అందుకే రంగురంగుల బుట్టలు కొని ప్రారంభోత్సవం చేసినంత మాత్రాన ఏమీ జరగదు. టెండరు కాగితంలోనే రాయాలి: రెండు రంగుల కవర్లు, రెండు అరలున్న తోపుడు బండి, కింద రెండు వేరు తొట్లు, చేతి తొడుగులు, విడిగా ఇచ్చిన పొడి చెత్తకు నెలనెలా తూకం రసీదు. రసీదు లేకపోతే కాంట్రాక్టరు బిల్లులో కోత పెట్టాలి. ఆ కోత పనిమనుషుల జీతంలోంచి పోకూడదని కూడా రాయాలి, లేకపోతే చివరికి నష్టపోయేది వాళ్లే.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది మన తెలుగు మాట్లాడే కుటుంబాలవాళ్లు. తరాలుగా ఈ నగరాన్ని ఊడుస్తున్నారు. మనం పైన కలిపేసిందాన్ని కింద విడదీసేది ఆ చేతులే. ఇంజెక్షన్ సూదో, పగిలిన ట్యూబ్‌లైటు ముక్కో గుచ్చుకునేదీ ఆ చేతులకే.

పొడి చెత్త ఎవరికివ్వాలి అన్నది బెంగళూరులో పెద్ద చిక్కు కాదు. వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలున్నాయి. వాటిలో కొన్నిటిని ఒకప్పుడు రోడ్ల మీద చెత్త ఏరుకుని బతికినవాళ్లే నడుపుతున్నారు. 2011లోనే అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ చెత్త ఏరుకునేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చింది. ప్రతి ఆఫీసునూ దాని వార్డు కేంద్రంతో ముడిపెడితే చాలు. అడ్డం వచ్చేది లెక్కల పద్ధతి. సర్కారు ఆస్తి ఏది అమ్మినా వేలం, అనుమతి, ఖజానాకు జమ అంటూ దస్త్రం నడవాలి. రోజువారీ పడే కాగితానికి, అట్టపెట్టెలకు కూడా అదే దారి అంటే ఏ గుమస్తా తల దూరుస్తాడు? ఈ చిల్లర చెత్తను ఆ పద్ధతి నుంచి తప్పించి నేరుగా వార్డు సేకరణ కేంద్రానికి ఇచ్చేలా ఒక ఉత్తర్వు వస్తే సగం పని అయిపోతుంది.

పాత కంప్యూటర్లు, ప్రింటర్ల సంగతి వేరు. వాటిని గుజరీకి వేయకూడదు, నమోదైన రీసైక్లర్ల లాంటివాళ్లకే ఇవ్వాలి. 'కండెమ్' చేసే, అంటే పనికిరావని తేల్చే కమిటీ కూర్చునేదాకా అవి మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోతుంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో 2021 నుంచి ప్రతి అక్టోబరులో పాత దస్త్రాలు, తుక్కు వదిలించే కార్యక్రమం జరుగుతోంది. రాష్ట్ర కార్యాలయాలకూ అలాంటి గడువు ఒకటి ఉండాలి.

ఆసుపత్రుల దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. అక్కడ వైద్య వ్యర్థాలకు 2016 నుంచి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేర్వేరు సంచులు, డబ్బాలు ఉన్నాయి. నర్సులకు అది బాగా అలవాటైన పని. రోగి వెంట వచ్చినవాళ్లు వార్డు బయట పారేసే ఇడ్లీ పొట్లాలు, నీళ్ల బాటిళ్లు మాత్రం ఒకే కుప్పలో పడతాయి. ఆ కుప్పలో రక్తమంటిన దూది ఒక్కటి కలిసినా మొత్తం అంటువ్యాధుల చెత్తే అవుతుంది. లోపల అంత క్రమశిక్షణ ఉన్నచోట వరండాలో కూడా నేర్పడం అసాధ్యమేమీ కాదు.

మరో మాట. చాలా సర్కారు ఆవరణల్లో చెట్లు పుష్కలంగా ఉన్నాయి. రాలిన ఆకుల్ని ఊడ్చి మూలన పోగేసి అగ్గి పెట్టడం ఇంకా చూస్తున్నాం. బహిరంగంగా చెత్త తగలబెట్టకూడదని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ జరిమానాలతో సహా చెప్పింది. నాలుగు కర్రలు పాతి చుట్టూ జాలీ కడితే ఆ ఆకులే ఎరువవుతాయి.

ఆఫీసుల్లో, సర్కారు సమావేశాల్లో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు వాడొద్దని 2025లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆదేశించారు. మంచి నిర్ణయం. అది సమావేశపు బల్ల దగ్గరే ఆగిపోకుండా, పనుల మీద వచ్చి గంటల తరబడి క్యూలో నిలబడే జనానికి శుభ్రమైన తాగునీళ్లు ప్రతి అంతస్తులో పెట్టాలి. అప్పుడే బాటిళ్లు తగ్గుతాయి. కేరళలో ప్రభుత్వ ఆఫీసులకు హరిత ప్రోటోకాల్ (చెత్త తగ్గించే నియమావళి) పెట్టి, తనిఖీ చేసి గ్రేడులిచ్చారు. ఇన్నేళ్లుగా చెత్త గురించి ఇంత పోరాడిన బెంగళూరుకు అది చేతకాదా?

రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలుండే విధానసౌధ, వికాససౌధ, ఎం.ఎస్. బిల్డింగ్ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మొదలుపెట్టడానికి అంతకన్నా వీలైన చోటు లేదు. ఆ మూడింటి ఊడ్పు కాంట్రాక్టులు తర్వాతిసారి పిలిచేటప్పుడు పైన చెప్పిన షరతులు చేర్చాలని, ఏ నెలలో ఎన్ని కిలోల పొడి చెత్త విడిగా వెళ్లిందో గేటు దగ్గర బోర్డు మీద రాయాలని గ్రేటర్ బెంగళూరు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగర, బెంగళూరు